సిస్టరమ్మను అడగండి: నా బీపీ ఎంతో నాకు చెప్పరా?

పోయిన నెల కడుపుతో ఉన్నప్పటి బీపీ గురించి నాలుగు మాటలు రాస్తే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆస్పత్రి మంచం మీది నుంచే వచ్చాయి. ఒకటైతే మందుల చీటీ వెనక రాసి, ఫొటో తీసి పంపింది. ముప్పై మూడేళ్లు గర్భిణుల వార్డులో పనిచేశాను, చివరి పదకొండేళ్లు హెడ్‌నర్సుగా. డాక్టరును కాను. మందు మార్చమనీ మానమనీ చెప్పను. మంచం పక్కన నిలబడి చూసింది చెబుతాను.

*సిస్టరమ్మగారికి నమస్కారం. నాకు 26 ఏళ్లు, రెండో కాన్పు. 30 వారాలు నడుస్తున్నాయి. చెకప్‌కి వస్తే బీపీ ఉందని పెద్దాస్పత్రిలో చేర్చుకున్నారు. ఇవాళ్టికి పన్నెండు రోజులు. నాకు తలనొప్పి లేదు, ఏమీ లేదు. వస్తారు, చేతికి పట్టీ చుట్టి చూస్తారు, రాసుకుని వెళ్తారు. ఎంతుందని అడిగితే "నీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. ఎప్పుడు పంపిస్తారో చెప్పరు. నాలుగేళ్ల బాబు మా అత్తగారి దగ్గర ఉన్నాడు, ఫోన్‌లో ఒకటే ఏడుపు. నేను హాయిగా పడుకుని తింటున్నానని అత్తగారు అంటోంది. మొన్న రాత్రి పక్క బెడ్ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. సంతకం పెట్టి వెళ్లిపోతే ఏమవుతుంది?*
*ఒక చెల్లి, నల్గొండ జిల్లా*

వెళ్లిపోకు తల్లీ. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

బీపీతో వచ్చే చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. 150/100 ఉన్నా మనిషి లేచి తల దువ్వుకుంటుంది, పక్కవాళ్లతో కబుర్లు చెబుతుంది. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, దాంతో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. 160/110కి చేరితే తీవ్రమైనట్టు లెక్క. మధ్యాహ్నం 146 ఉన్నది రాత్రికి 170 కావచ్చు. నాలుగు గంటలకోసారి, ఆరు గంటలకోసారి వచ్చి పట్టీ చుట్టేది అందుకే. ఇంటికెళ్తే ఆ రాత్రి చూసేదెవరు?

ఒక ఏడాది సంక్రాంతికి మా వార్డులో నీలాగే బాగానే ఉన్న అమ్మాయి ఒకతి, భోగికి ముందురోజు సంతకం పెట్టి ఇంటికెళ్లింది. కనుమ నాడు తెల్లవారుజామున 108లో తెచ్చారు. ఫిట్స్ వచ్చి నాలుక కొరికేసుకుంది, ఒంటి మీద తెలివి లేదు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే. ఇంజెక్షన్లు ఇచ్చాం, ఆపరేషన్ చేశారు, తల్లీ బిడ్డా దక్కారు. నాలుగో రోజు బాగా తేరుకున్నాక నన్ను ఒక్కటే అడిగింది. "నాకు బీపీ అంత ఉందని చెప్పి ఉంటే వెళ్లేదాన్నా సిస్టర్?" చెప్పాం కదా అనబోయి ఆగాను. మేం చెప్పలేదు, రాశాం. ఆమె కాళ్ల దగ్గర మంచానికి తగిలించిన కేస్‌షీట్‌లో, ఆమెకు రాని ఇంగ్లీషులో రాశాం.

ఆ తర్వాత నా వార్డులో బీపీ చూసిన ప్రతిసారీ అంకె పైకి చదివి చెప్పాలని పెట్టాను. "వింటే టెన్షన్ పడి ఇంకా పెరుగుతుంది మేడమ్" అన్నారు కొత్త సిస్టర్లు. ఒకటి రెండు రోజులు పడతారు, నిజమే. తర్వాత వాళ్లే చెయ్యి చాపి "నిన్న 148, ఇవాళెంత?" అనేవాళ్లు.

నువ్వూ ఒక చిన్న నోట్‌బుక్ తెప్పించుకో. పట్టీ విప్పేటప్పుడే అడుగు, టైము వేసి రాసుకో. మిగతా సందేహాలు మాత్రం పొద్దున రౌండ్స్‌లో అడగకు. యూనిట్ చీఫ్ వెనక పదిమంది ఉంటారు, ఒక్కో బెడ్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే గొప్ప. సాయంత్రం ఆరేడు గంటలకు డ్యూటీ పీజీ డాక్టరు ఒక్కతే వచ్చి నింపాదిగా కేస్‌షీట్ తిరగేస్తుంది. అప్పుడు పట్టుకో. నా రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, లివరు, కిడ్నీ ఎలా ఉన్నాయి? స్కాన్‌లో బిడ్డ బరువు, బిడ్డకు వెళ్లే రక్తం ఎలా ఉన్నాయి? ఏం మారితే కాన్పు చేస్తారు, ఏమీ మారకపోతే ఎన్ని వారాల దాకా ఆగుతారు? ఈ మూడూ అడిగితే చాలు.

మూడోదానికి జవాబు చాలావరకు ఇలా ఉంటుంది. బీపీ అదుపులో ఉండి, పరీక్షలు బాగుంటే 37 వారాల దాకా లాగుతారు. తీవ్రమైతే 34 అయినా దాటించాలని చూస్తారు. తల్లికి గండం అనిపిస్తే అంతకు ముందే కాన్పు చేసేస్తారు. బిళ్లలు అంకెను దించుతాయే గానీ జబ్బును నయం చేయవు, కడుపులో బిడ్డకు రక్తం అందించే మాయ బయటికి వచ్చాకే అది తగ్గుముఖం పడుతుంది. కాన్పయిన రెండు మూడు రోజులు కూడా గండమే, అప్పుడు ఇంటికి తొందరపడొద్దు. 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సా ఇంజెక్షన్లు నీకు ఇచ్చే ఉంటారు. బిడ్డ ముందే పుడితే ఊపిరి అందడానికి ఇచ్చేవి అవి. ఇచ్చారంటే రేపే ఆపరేషన్ అని కాదు.

పక్క బెడ్ అమ్మాయికి తుంటికి అటూ ఇటూ పెద్ద సూదులు ఇవ్వడం చూసి ఉంటావు. అది మెగ్నీషియం. మంట పుడుతుంది, ఒళ్లంతా సెగ తగిలినట్టు ఉంటుంది. నీకు ఇవ్వాల్సి వచ్చినా భయపడకు, ఫిట్స్ రాకుండా అంతకన్నా మంచి మందు లేదు. అది నడుస్తున్నంతసేపూ సిస్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొడుతుంది, ఊపిరి లెక్కపెడుతుంది, గొట్టంలో మూత్రం ఎంత దిగిందో చూస్తుంది. సుత్తితో కొడితే మా వార్డులో ఒక పేషెంటు అత్తగారు "మా పిల్లకి మోకాళ్ల నొప్పుల్లేవమ్మా" అని నాతో గొడవేసుకుంది! మందు ఎక్కువైతే మోకాలు ఎగరడం ముందు మానేస్తుంది. దానికి విరుగుడు కాల్షియం ఇంజెక్షన్ ట్రేలో సిద్ధంగా ఉంటుంది.

తల పగిలిపోతున్నట్టున్నా, కళ్లు మసకబారినా, మిణుగురులు కనపడ్డా, పొట్ట పైభాగంలో కుడిపక్క పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా రాత్రి రెండు గంటలైనా సిస్టర్ని లేపు. విసుక్కుంటారని ఊరుకోకు. విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. అయినా లేపు.

ఇక బిడ్డ కదలికలు. పెద్దాపురం వైపు అమ్మాయి ఒకతి ఉండేది, అంకెలు రాయడం రాదు. వాళ్లమ్మ చేత చింతపిక్కలు తెప్పించుకుంది. అన్నం తిన్నాక ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక పిక్క స్టీలు గ్లాసులో వేసేది. రెండు గంటల్లో పది పడాలని చెప్పాం. టంగుమన్నప్పుడల్లా చుట్టుపక్కల బెడ్లవాళ్లు "రెండు", "మూడు" అని అందుకునేవాళ్లు. ఒక సాయంత్రం గ్లాసులో ఆరే ఉన్నాయి. గ్లాసు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి నడిచొచ్చింది, ఏమీ మాట్లాడకుండా నా రిజిస్టర్ మీద పెట్టింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. కేజీ ఆరువందల మగపిల్లాడు, బతికాడు. నీకు రాయడం వచ్చు కాబట్టి పిక్కలు అక్కర్లేదు, కానీ లెక్క మానకు.

బాబు సంగతి. వాడు ఏడ్చినప్పుడల్లా ఫోన్ చేస్తే నువ్వూ ఏడుస్తావు, వాడూ ఏడుస్తాడు. రోజూ ఒకే టైముకు, వాడి స్నానమయ్యాక, వీడియోలో మాట్లాడు. నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి పంపు, ఉతకకుండా. దాన్ని చుట్టుకుని పడుకుంటాడు.

అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించు. అమ్మా, మీ కోడలు పరీక్ష కోసం ఇరవై నాలుగు గంటల మూత్రం క్యాన్‌లో పట్టి మంచం కింద దాచుకుంటోంది. గడియ సరిగా పడని బాత్రూముకి తలుపు దగ్గర మనిషిని కాపలా పెట్టుకుని వెళ్తోంది. పక్క మంచం మీద ఫిట్స్ చూస్తూ పడుకుంటోంది. దాన్ని హాయి అనరు. వారంలో ఒకరోజు మీరే వెళ్లి ఆమె తలకు నూనె పెట్టి జడ వేసి రండి.

నిద్ర పట్టడం లేదని డాక్టరుతో చెప్పు, అదీ జబ్బులో భాగమే, సిగ్గుపడాల్సింది లేదు. రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, చచ్చిపోతే బాగుండనిపించినా ఆ పూటే చెప్పు. 14416కి ఫోన్ చేస్తే, మనసు బాగాలేనివాళ్లకు ధైర్యం చెప్పే సర్కారు టెలీమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

*మేడమ్ గారూ, నేను లారీ డ్రైవర్ని. నా భార్యకు 32 వారాలు. మాయ కిందికి ఉండి రక్తం పోతే ప్రైవేటు నుంచి సర్కారు ఆస్పత్రికి పంపారు. మొదటి కాన్పు ఆపరేషనే. ఆమెది ఓ నెగెటివ్. మగవాళ్లను లోపలికి రానివ్వరు, మా అత్త లోపల ఉంది. అవసరమైతే గర్భసంచి తీస్తామని నాతో సంతకం పెట్టించుకున్నారు. భయపడుతుందని ఆమెకు చెప్పలేదు. బయట చెట్టు కింద కూర్చున్నాను. నేనేం చేయాలి?*
*కాకినాడ జిల్లా నుంచి*

బాబూ, చెట్టు కింద కూర్చుని చేయాల్సిన పని చాలా ఉంది.

మొదట రక్తం. ఓ నెగెటివ్ మనిషికి ఓ నెగెటివ్ రక్తమే ఎక్కించాలి, ఆ గ్రూపు వాళ్లు మనలో తక్కువ. బ్లడ్ బ్యాంకుకు వెళ్లి మీ భార్య పేరు మీద ఎన్ని యూనిట్లు సిద్ధంగా ఉంచారో కనుక్కోండి. ఫోన్ చేస్తే గంటలో రాగలిగిన ఓ నెగెటివ్ వాళ్లు ఇద్దరు ముగ్గురి నంబర్లు రెండు కాగితాల మీద రాసి, మీ జేబులో ఒకటి, మీ అత్తగారి కొంగుకు ఒకటి కట్టండి. వాళ్లకు 18 ఏళ్లు దాటి, 45 కేజీలు ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లయితే ఇదివరకు రక్తం ఇచ్చి 90 రోజులు గడిచి ఉండాలి. మీ లారీ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇవాళే పెట్టండి, ఆ గ్రూపులకు మించినవి నేను చూడలేదు.

మీ గ్రూపు పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి అడగండి, నెగెటివ్ తల్లి ఒళ్లు పాజిటివ్ బిడ్డ రక్తం మీద తిరగబడకుండా వేసేది అది. రక్తం పోయిన 72 గంటల్లో పడాలి. ప్రైవేటులో వేశారో, ఇక్కడ వేశారో, అసలు ఎవరూ వేయలేదో! ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారినప్పుడు ఇలాంటివే జారిపోతాయి. ప్రైవేటు వాళ్లిచ్చిన కాగితాలన్నీ లోపలికి పంపారా?

మొదటిది ఆపరేషన్ అన్నారు. మాయ కిందికి ఉండి, పాత కుట్టు మీద పడితే అక్కడ అతుక్కుపోయే ప్రమాదం ఉంది. డాప్లర్ స్కాన్‌లో దాన్ని చూశారా అని అడగండి. సంతకం తీసుకున్నారంటే వాళ్ల మనసులో ఆ అనుమానం ఉన్నట్టే. అతుక్కోకపోతే సాధారణంగా 36, 37 వారాల మధ్య ఆపరేషన్ పెట్టుకుంటారు, అతుక్కుని ఉంటే ఇంకొంచెం ముందే. మళ్లీ రక్తం కనపడితే నొప్పి లేదు కదా అని ఆగొద్దని ఆమెకు చెప్పండి. ఈ రక్తం నొప్పి లేకుండానే పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గర్భసంచి ఆమెది. సంతకం మీరు పెట్టారు, ఆమెకు తెలియదు. మీరు ప్రేమతోనే దాచారు, నాకు తెలుసు. మా వార్డులో ఒకామెకు ఇలాగే సంచి తీశారు. భర్తకు చెప్పారు, అత్తకు చెప్పారు, ఆమెకు బలం వచ్చాక చెబుదామని అందరూ అనుకున్నారు, ఎవరూ చెప్పలేదు. ఏడాదైనా నెలసరి రాలేదేమని వాళ్ల ఊరి దగ్గర స్కాన్ తీయించుకుంటే అక్కడి డాక్టరు చెప్పింది. ఆమె తిరిగి మా వార్డుకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన తీరు నాకింకా కళ్లముందుంది. తిట్టలేదు. "నాకు సంచి ఉందా లేదా, మీరు చూసి చెప్పండి" అంది.

కాబట్టి దాచకండి. విజిటింగ్ టైములో డ్యూటీ డాక్టరును బతిమాలి, మీరిద్దరూ పక్కపక్కన ఉన్నప్పుడు ఆమెకే చెప్పించండి. ప్రాణం నిలపడానికి తప్పకపోతేనే తీస్తారనీ, తీసినంత మాత్రాన ఆమెకు ఇంకేమీ తగ్గదనీ ఆమె వినాలి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. అక్కడి నుంచి లేచి వెళ్లిపోకండి.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, ఇంటి దగ్గర దింపే బండి అన్నీ ఉచితం. స్ట్రెచర్ తోసినందుకూ, మగబిడ్డని చెప్పినందుకూ చెయ్యి చాపేవాళ్లు ఉంటారు. ముప్పై మూడేళ్లు వాళ్లతో పోట్లాడి నేను సగమే గెలిచాను. మీరు అక్కడ వాదన పెట్టుకోకుండా తిన్నగా ఆర్ఎంఓ, అంటే ఆస్పత్రి వ్యవహారాలు చూసే డాక్టరు గదికి వెళ్లండి.

*నమస్తే అమ్మా. మా బిడ్డకు కవలలు, 28 వారాలు. నొప్పులొచ్చి ఆగినయి, దవాఖానల ఉంచిన్రు. నేను దాన్ని మంచం దిగనిస్తలేను, అన్నీ మంచం మీదనే. డాక్టరమ్మ వచ్చి నడువమని కోపం జేసింది. నడిస్తే మళ్లీ నొప్పులొస్తె ఎట్ల? శ్రీమంతం కూడ జేయలే, అదొక దిగులు.*
*ఒక తల్లి, వరంగల్*

అక్కా, ఈసారి డాక్టరమ్మదే ఒప్పు. మీ మీద కోపం లేదు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే చేశాను. నేను కొత్తగా చేరినప్పుడు కాళ్లవైపు మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి, పదిహేను రోజులు దించేవాళ్లం కాదు. బిడ్డ జారకుండా ఆగుతుందని మా అందరి నమ్మకం. తర్వాత పరిశోధనలు చేసి చూస్తే, అలా కట్టేసినట్టు పడుకోబెట్టినందువల్ల కాన్పు ఆగిందేమీ లేదని తేలింది. పైగా కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. కండ తగ్గిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే మీకే భయం. ఇటుకలు తీసేశాం. నాకు కొన్నాళ్లు ఆ మంచాలు బోసిగా కనిపించాయి.

బాత్రూముకు నడవనివ్వండి, వరండాలో మెల్లగా రెండు చుట్లు తిరగనివ్వండి. పడుకున్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి, కుట్టుమిషన్ తొక్కినట్టు. నీళ్లు బాగా తాగించండి. పొట్ట బిగదీసి వదిలి, మళ్లీ మళ్లీ బిగుస్తున్నా, నీరు పోయినా వెంటనే పిలవండి. పిలిచే బాధ్యత మీదే, ఎందుకంటే మీ అమ్మాయి మొహమాటపడుతుంది. ఆస్పత్రి అన్నం చప్పగా ఉంటే ఉడికించిన గుడ్డు, బొబ్బర్ల గుగ్గిళ్లు తెచ్చిపెట్టండి. ఐరన్ బిళ్ల మాత్రం చాయ్‌తో మింగించకండి, ఒంటికి పట్టదు.

శ్రీమంతం వార్డులోనే చేయండి. మేం ఎన్ని చేశామో! ఒకసారి ఎడమ చేతికి సూది గొట్టం ఉందని కుడి చేతికే పన్నెండు గాజులు తొడిగాం. పసుపు కుంకుమలు పెట్టి, తొమ్మిది బెడ్లకూ లడ్డూలు పంచారు, షుగర్ ఉన్న ఇద్దరికి మాత్రం నేను పెట్టనివ్వలేదు, ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటారు. మట్టిగాజులు కాస్త వదులువి తెండి. హఠాత్తుగా ఆపరేషన్‌కి తీసుకెళ్లాల్సి వస్తే సబ్బు రాసి లాగే టైము ఉండదు.

*నేను బట్టల షోరూములో అకౌంట్స్ చూస్తాను. మొదటి కాన్పు. షుగర్, బీపీ అని మూడు వారాలుగా ఆస్పత్రిలో ఉన్నాను. ఈ రోజులన్నీ ప్రసూతి సెలవులో కోసేస్తామని మేనేజర్ అంటున్నారు. నిజమేనా?*
*గుంటూరు*

అమ్మాయీ, పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే నీకు జీతంతో 26 వారాలు వస్తాయి, 2017 నుంచి అంతే. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. గర్భం వల్ల వచ్చిన జబ్బుకు, నెలలు నిండకుండా కాన్పయినా, వైద్యుల కాగితం చూపిస్తే ఇవి కాక ఇంకో నెల దాకా జీతంతో సెలవు ఉంది. మీ మేనేజర్ చెప్పని ముక్క అదే. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోస్తుంటే డబ్బు వాళ్ల నుంచి వస్తుంది, అక్కడ అప్లై చెయ్యి. సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం కుదరదు.

ఇవాళే మీ వార్డు డాక్టరు చేత "గర్భంలో బీపీ, షుగర్ వల్ల ఫలానా తేదీ నుంచి ఇన్‌పేషెంట్" అని రాయించుకుని, మెయిల్‌లో ఒకటి, రిజిస్టర్ పోస్టులో ఒకటి పంపు. డిశ్చార్జి కాగితం జిరాక్సులు మూడు తీయించు. ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా ఇవ్వకు, మీ ఆయనకు కూడా. ఆయన బండి డిక్కీలో పెట్టి మర్చిపోతాడు.